వర్మ తరఫున వకాల్తా మీకెందుకు?

ప్రశ్న: నమస్కారమండీ. నా వయసు 53. విజయవాడలో చిన్న వ్యాపారం చేసుకుంటున్నాను. రామ్ గోపాల్ వర్మకి వీరాభిమానిని. ఇంటర్ చదివే రోజుల్లో 'శివ' చూశాను. అప్పటికి మా అక్కకి కొత్తగా పెళ్లయింది, ఆ సినిమాకి నన్ను తీసుకెళ్లింది మా బావే. ఆ తర్వాత చాలా ఏళ్లపాటు వర్మ సినిమా ఏది వచ్చినా ఇద్దరం కలిసే చూసేవాళ్లం. ఓ పదేళ్లుగా బావ చూడటం మానేశాడు. నేను మానలేదు. 'ఐస్‌క్రీమ్' చూశాను, 'ఆఫీసర్' చూశాను, 'వ్యూహం' కూడా చూశాను. బాగోలేవని నాకూ తెలుసు. కానీ ఎవరైనా ఆయన్ని ఒక మాటంటే ఊరుకోలేను. "ఆయన డబ్బు, ఆయన ఇష్టం, నచ్చకపోతే చూడకు" అంటాను.

మొన్న నవంబర్‌లో 'శివ' మళ్లీ విడుదలైతే అక్కాబావల్ని ఏలూరు నుంచి పిలిపించి, హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయిని కూడా కలుపుకుని వెళ్లాం. ఇంటికొచ్చి భోజనాలకి కూర్చున్నాక మా అమ్మాయి, "నాన్నా, ఇది తీసినాయనేనా ఇప్పుడు ఆ పోస్టర్లు వేసేది?" అంది. నేను నోరు తెరిచేలోపే బావ అందుకుని, "మీ నాన్న 'శారీ' కూడా చూసే ఉంటాడు, అడగమ్మా" అన్నాడు. ఎదిగిన పిల్ల ముందు ఆ మాటతో నాకు తల తీసేసినట్టయింది. నేనూ ఓ మాట అన్నాను. బావ సగం అన్నంలో చెయ్యి కడుక్కుని వెళ్లిపోయాడు. ఏటా సంక్రాంతికి వచ్చేవాళ్లు ఈసారి రాలేదు. అక్క ఫోన్ చేస్తే ఏడుపు. మీరు సినిమాల గురించి రాస్తుంటారు కాబట్టి అడుగుతున్నాను. తప్పెవరిది? వర్మ అభిమానినని చెప్పుకోవడం అంత సిగ్గుపడాల్సిన విషయమా?
— ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: మీ ఉత్తరంలో సినిమాల పేర్లన్నీ ఉన్నాయి. మీ అమ్మాయి ఏమందో ఉంది, బావ ఏమన్నాడో ఉంది. మీరన్న మాట మాత్రం లేదు. "నేనూ ఓ మాట అన్నాను" అని దాటేశారు. అదేమిటో నేను అడగను. కానీ అరవైకి దగ్గర పడ్డ మనిషి, ముప్పై ఆరేళ్లకి పైగా మీ ఇంటి అల్లుడు, అత్తారింటి తరఫు కంచం ముందు నుంచి సగంలో లేచాడంటే అది సినిమా గురించిన మాట అయి ఉండదు. ఆయన తెలివి గురించో, ఆయన సంపాదన గురించో, ఆయన ఇంటి గురించో అయి ఉంటుంది. కాబట్టి మీ మొదటి ప్రశ్నకి సమాధానం తేలికే. ఆ మాట వరకు తప్పు మీదే. పిల్ల ముందు వెటకారం చేసినంత వరకు తప్పు ఆయనది. ఈ రెండింటికీ వర్మకి ఏ సంబంధమూ లేదు. ఏలూరు ఎప్పుడు వెళ్లాలో, ఏం మాట్లాడాలో తర్వాత చెప్తాను. ముందు మీ రెండో ప్రశ్న సంగతి చూద్దాం, మీరు నిజంగా అడగాలనుకున్నది అదేనని నాకు అనిపిస్తోంది.

మీ ఇద్దరిలో వర్మకి పెద్ద అభిమాని ఎవరంటే, మీరు కోప్పడకపోతే, మీ బావే అంటాను. 'ఐస్‌క్రీమ్' చూసి కూడా మీరు తట్టుకోగలిగారు. ఆయన తట్టుకోలేకపోయాడు. అసలు పట్టనివాడైతే మానేసి ఊరుకునేవాడు, పదేళ్ల తర్వాత కూడా ఆ పేరు వింటే భగ్గుమనేవాడు కాదు. అలాంటివాడు మీరు పిలవగానే 'శివ' కోసం ఏలూరు నుంచి వచ్చాడు. తెర మీద ఆ సినిమా మళ్లీ చూశాక ఆయనకి ఏమనిపించి ఉంటుందో ఆలోచించండి. ఇంత తీయగలిగినవాడు ఇలా అయ్యాడేమిటని కడుపు మండి ఉంటుంది. ఆ మంట వర్మకి చూపించలేడు. ఎదురుగా మీరున్నారు.

ఆ మంటకి కారణం ఉంది కూడా. 'శివ' 1989 అక్టోబర్ 5న వచ్చింది. అప్పటికి వంగవీటి రంగా హత్య జరిగి ఏడాది కూడా కాలేదు. బెజవాడలో ఇంటర్ కుర్రాడిగా ఉన్నారు కాబట్టి ఆ రోజుల వాతావరణం నేను మీకు చెప్పక్కర్లేదు. వర్మ చదివింది మీ ఊరి పక్కనే, కానూరు సిద్ధార్థ ఇంజనీరింగ్ కాలేజీలో. కాలేజీ ఎన్నికల వెనక ఊళ్లో రౌడీ ఉంటాడని, ఆ రౌడీ వెనక రాజకీయ నాయకుడు ఉంటాడని మనందరికీ తెలుసు. తెలుగు సినిమా మాత్రం అప్పటిదాకా చాలావరకు అది తెలియనట్టే నటించింది. భవానీ వచ్చేదాకా మన విలన్ అంటే పెద్ద బంగళా, గట్టి నవ్వు, పక్కన ఓ డాన్సర్. భవానీగా రఘువరన్ మాటల మధ్య ఆగుతాడు. పక్కనున్న మనిషికి మాత్రమే వినపడేలా మాట్లాడతాడు. ఆ గొంతు ఇవాళ విన్నా ఒళ్లు జలదరిస్తుంది.

సైకిల్ చెయిన్ సంగతే తీసుకోండి. అందరూ అదో స్టైలని గుర్తుపెట్టుకున్నారు. మళ్లీ చూశారు కదా, ఆ చెయిన్ లాగేముందు ఎంతసేపు ఏమీ జరగదో గమనించారా? కాలేజీలో భవానీ మనిషి జేడీ మాట్లాడుతూనే ఉంటాడు, శివ వింటూనే ఉంటాడు. మామూలుగా అయితే అక్కడ హీరోకి ఓ పేజీ డైలాగ్ పడాలి. పడదు. చెయ్యి కిందికి వెళ్తుంది, అంతే. ఆ నిశ్శబ్దం కోసమే జనం మళ్లీ మళ్లీ వెళ్లారని నా నమ్మకం. ఆ తర్వాత ఊరూరా కాలేజీ సైకిల్ స్టాండ్లలో కుర్రాళ్లు చెయిన్లు లాగి చేతులు కోసుకున్నారు, అది వేరే సంగతి. పెద్దవాళ్లు అప్పుడే తిట్టారు కూడా, పిల్లల్ని చెడగొట్టాడని. వర్మ మీద వాదన నిన్న మొన్న పుట్టింది కాదు.

ఇక సైకిల్ మీద పాపని కూర్చోబెట్టుకుని శివ పారిపోయే ఘట్టం. కెమెరా ఆ సందుల్లో సైకిల్‌తోపాటే పరిగెడుతుంది. పరిగెడుతూ తీసినా బొమ్మ కుదుపుల్లేకుండా వచ్చే స్టెడీకామ్‌ని తెలుగులో ఆ స్థాయిలో వాడిన తొలి సినిమాల్లో ఇదొకటి. 2025 నవంబర్‌లో సినిమా మళ్లీ వచ్చినప్పుడు, ఆ చిన్నపిల్లని అంత ప్రమాదకరమైన షాట్లలో పెట్టినందుకు వర్మ బహిరంగంగా క్షమాపణ చెప్పాడు. ముప్పై ఆరేళ్లు ఆలస్యంగానే అనుకోండి. కానీ చెప్పాడు. ఆయన్ని పూర్తిగా కొట్టిపారేసేవాళ్లకి ఈ విషయం చెప్పండి, మీ బావకైనా సరే.

ఇప్పుడు మీరు అంత తేలిగ్గా ఒప్పుకోని మాట ఒకటి. 'శివ' వర్మ ఒక్కడిదే కాదు. కెమెరా ఎస్. గోపాల్ రెడ్డిది, సంగీతం ఇళయరాజాది, మాటలు తనికెళ్ల భరణివి. సినిమా అనుభవం పెద్దగా లేని, అమీర్‌పేటలో వీడియో లైబ్రరీ నడిపిన కుర్రాణ్ణి నమ్మి అన్నపూర్ణ వాళ్లు డబ్బు పెట్టారు, నాగార్జున డేట్లు ఇచ్చాడు. 'క్షణక్షణం'లో కీరవాణి ఉన్నాడు, సిరివెన్నెల ఉన్నాడు. 'గాయం' కథలో మణిరత్నం చెయ్యి ఉంది. 'సత్య' రాసింది సౌరభ్ శుక్లా, అనురాగ్ కశ్యప్. దానికి సందీప్ చౌతా నేపథ్య సంగీతం తీసేసి చూడండి, సగం సినిమా పోతుంది. 'కంపెనీ' జైదీప్ సాహ్నీ రాశాడు. వీళ్లంతా ఆయన చెప్పింది చేసిపెట్టే గుమాస్తాలు కారు. ఎవరి బుర్ర వాళ్లకుంది. ఒక గదిలో అలాంటి నలుగురు కూర్చుంటే, అందులో ఒకరైనా "ఈ సీను వద్దు సార్" అంటారు. వినే గుణం ఆ రోజుల్లో వర్మకి ఉంది.

అభిమానులు ఆయన పతనం మీద గంటలకొద్దీ వాదించుకుంటారు. 2007లో 'ఆగ్' దగ్గర చెడిందని ఒకరు, ముంబై వెళ్లడమే తప్పని ఇంకొకరు, మళ్లీ తెలుగుకి రావడమే తప్పని మరొకరు. నా లెక్క వేరు. చిన్న కెమెరాలు వచ్చాక చెడింది. 2011లో 'దొంగల ముఠా' ఐదు రోజుల్లో తీసేశాడు, వేళ్ల మీద లెక్కపెట్టగలిగే మందితో, చేత్తో పట్టుకునే కెమెరాలతో. దాన్ని నేను తప్పుపట్టను, ఆ ధైర్యం ముచ్చటేసింది కూడా. తర్వాత 'ఐస్‌క్రీమ్'కి ఫ్లోకామ్ అన్నాడు. కొత్త పరికరం కనపడితే ఆయన ఆగలేడు, అది 'శివ' నాటి స్వభావమే. కానీ స్టెడీకామ్ వాడాలంటే నిర్మాతని ఒప్పించాలి, కెమెరామన్‌తో దెబ్బలాడాలి, ఎందుకు కావాలో చెప్పగలగాలి. చేతి కెమెరాకి ఎవరినీ ఒప్పించక్కర్లేదు. ఖర్చుతోపాటు అడ్డుచెప్పే మనుషులు కూడా పోయారు. పొద్దున వచ్చిన ఆలోచన సాయంత్రానికి పోస్టర్ అయిపోవడం మొదలైంది. కొన్నిసార్లు పోస్టర్ దగ్గరే అసలు పని అయిపోయేది, సినిమా లాంఛనం.

'కిల్లింగ్ వీరప్పన్' 2016లో వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత ఆయన మళ్లీ మనసు పెట్టాడనిపించింది. కాబట్టి చేతనైంది మొత్తం ఆవిరైపోయిందనడం కూడా తప్పే. మీ బావ అది చూడకపోతే మాత్రం ఒక మంచి సినిమా పోగొట్టుకున్నట్టే.

మీ వాదనలో "ఆయన కావాలనే అలా తీస్తున్నాడు" అన్నది కూడా ఉండే ఉంటుంది, వర్మ అభిమానుల్లో ఆ మాట అననివాణ్ణి నేను చూడలేదు. సరే, కావాలనే తీశాడనుకుందాం. హోటల్ వాడు కావాలనే ఉప్పెక్కువేస్తే ఆ పప్పు బాగున్నట్టా? పైగా ఈ వాదనని ఆయనే వదిలేశాడు. 2025 జనవరిలో 'సత్య' మళ్లీ విడుదలైనప్పుడు చూసుకుని ఏడ్చానని, 'రంగీలా', 'సత్య' ఇచ్చిన వెలుగులో తన చూపు పోయిందని, ఆ గర్వంతోనే జనానికి షాక్ ఇవ్వడం కోసం, గిమ్మిక్కుల కోసం సినిమాలు తీశానని ఆయనే రాసుకున్నాడు. ఇకమీదట ఒళ్లు దగ్గరపెట్టుకుని తీస్తానని ఒట్టు కూడా పెట్టుకున్నాడు. అంటే ముద్దాయి నేరం ఒప్పుకున్నాక కూడా మీరు ఇంకా వకాల్తా పట్టుకుని కోర్టులో నిలబడ్డారన్నమాట. ఇంటికి వెళ్లండి.

అయితే ఆ ఒట్టు పెట్టిన మూడు నెలలకే, ఏప్రిల్‌లో, 'శారీ' వచ్చింది. దర్శకుడు వేరే ఆయన, నిజమే. అంతకుముందే మొదలైన సినిమా, అదీ నిజమే. కానీ కథ వర్మది, ప్రచారంలో పేరు వర్మది, మొహం వర్మది. మీ బావ ఆ సినిమా పేరే ఎందుకు ఎత్తాడో ఇప్పుడు అర్థమైందనుకుంటాను. ఆ కన్నీళ్ల కబురు చదివి ఆయన కూడా ఎక్కడో ఆశపడి ఉంటాడు.

ఇక "ఆయన ఇష్టం, నచ్చకపోతే చూడకు". ఈ మాట సగం నిజం. నిజమైన సగం గట్టిదే కాబట్టి మీరు దాన్ని వదలక్కర్లేదు. 2020లో 'పవర్ స్టార్' తీస్తున్నాడని కొందరు పవన్ కల్యాణ్ అభిమానులు హైదరాబాద్‌లో ఆయన ఆఫీసు మీద పడ్డారు. అక్కడ ఆయన పక్షాన నిలబడాలి, సినిమా ఎంత చెత్తదైనా సరే. రాజకీయ సినిమాల సంగతి కాస్త చిక్కు. 'లక్ష్మీస్ ఎన్టీఆర్' 2019 ఎన్నికల వేళ వచ్చింది, తెలంగాణలో ఆడుతుంటే ఆంధ్రప్రదేశ్‌లో ఆగింది. 'వ్యూహం' 2024 మార్చిలో, మళ్లీ ఎన్నికల ముందే వచ్చింది, అదీ కోర్టులు దాటుకుని. ఆ తర్వాత పోస్టుల మీద కేసులు, ఒంగోలులో పోలీసు విచారణ, అన్నీ మీకు తెలిసినవే. ఒక పార్టీకి పనికొచ్చేలా సినిమా తీసే హక్కు ఎవరికైనా ఉంది. దాన్ని పార్టీ సినిమా అని పిలిచే హక్కు ప్రేక్షకుడికీ ఉంది. భవానీ వెనకున్న నాయకుణ్ణి చూపించినవాడు చివరికి ఒక పక్షం తరఫున సినిమా తీశాడే అని మీ బావలాంటివాడు బాధపడితే, అందులో తప్పేముంది?

మీ మాట పూర్తిగా ఓడిపోయే చోటు వేరే ఉంది. 'మర్డర్', 'దిశ ఎన్‌కౌంటర్'. మొదటిది మిర్యాలగూడ పరువు హత్య మీద, రెండోది శంషాబాద్ దగ్గర వెటర్నరీ డాక్టర్ 'దిశ'పై జరిగిన ఆ ఘోరం మీద. రెండూ 2020లోనే ప్రకటించాడు. మిర్యాలగూడ కుటుంబం కోర్టుకెక్కింది. దిశ తండ్రి హైకోర్టుకి వెళ్లాడు. అప్పటికి ఆ ఘోరం జరిగి ఏడాదైనా కాలేదు. "నచ్చకపోతే చూడకు" అని టికెట్ కొనేవాడితో అనొచ్చు. ఆ తండ్రితో ఎలా అంటారు? ఆయన చూసినా చూడకపోయినా తన కూతురి చావు ఒక ట్రైలర్ అయి ఫోన్లలో తిరుగుతుంది. బంధువులు చూస్తారు, వీధిలో కుర్రాళ్లు చూస్తారు. ఆయన ఇష్టం ఎవరూ అడగలేదు. కూతురున్న తండ్రిగా మీరు ఒక్కసారి ఆ కుర్చీలో కూర్చుని, ఇన్నాళ్లూ అంటున్న మాటే మళ్లీ అనగలరేమో చూసుకోండి.

నిజమైన మనుషుల మీద సినిమాలు తీయకూడదని కాదు నేననేది. 'రక్తచరిత్ర' తీశాడు కదా, 2010లో. పరిటాల రవి, సూరి కథ అని అందరికీ తెలుసు. వాళ్లు జనం మధ్య తిరిగిన, జనం మీద అధికారం చెలాయించిన మనుషులు. ఆ సినిమా ఎంత నెత్తుటి మయమైనా అందులో ఒక ప్రశ్న ఉంది, పగ ఎక్కడ ఆగుతుందని. 'మర్డర్' ప్రకటనలో నాకు ప్రశ్న కనపడలేదు, తాజా శవం కనపడింది. కటువుగా ఉందా? నాకింతకంటే మెత్తగా చెప్పడం రాదు.

మీ అమ్మాయి ప్రశ్న దగ్గరికి వద్దాం. ఆ ప్రశ్నలో వెటకారం ఉందని మీరు అనుకుంటున్నారు. నాకైతే లేదనిపించింది. ఆ పిల్ల సినిమా అంతా కూర్చుని చూసింది, మధ్యలో ఫోన్ తీసుంటే మీరు రాసేవారే. నచ్చింది కాబట్టే అడిగింది. ఇది తీసినాయనేనా అది, అని. ఆ ప్రశ్నకి "అవునమ్మా, ఆయనే" అన్నదే జవాబు. తర్వాత "కానీ" అని మొదలుపెట్టకండి.

అమ్మాయిలు ఈ విషయంలో మనకంటే ముందే కొన్ని చూస్తారు. మీరూ బావా 1989లో శివని చూశారు, భవానీని చూశారు. ఆశ పాత్రలో అమల చేయడానికి అసలేముంది? ప్రేమించడం, పెళ్లి చేసుకోవడం, ఎదురుచూడటం. 'రంగీలా'లో ఊర్మిళ మీద కెమెరా ఎలా నిలబడుతుందో గుర్తు తెచ్చుకోండి. అప్పుడు మనం ఈల వేశాం. నిజానికి ఆ సినిమాలో మిలికి ఒక కల ఉంది, ఒక ఇల్లు ఉంది, తిక్క ఉంది, కాబట్టి కెమెరా ఎంతసేపు చూసినా ఆమె మనిషిగా మిగిలింది. ఇప్పటి పోస్టర్లలో చూపు మాత్రమే ఉంది. చూపు పాతదే. అవతల ఉండాల్సిన మనిషిని రాయడం మానేశాడు, లేదా రాసేవాళ్లని పిలవడం మానేశాడు. మీ అమ్మాయి తరానికి ఇది తేలిగ్గా కనపడుతుంది. 2023లో 'యానిమల్' వచ్చినప్పుడు సందీప్ రెడ్డి వంగా మీద ఇళ్లలో ఇవే గొడవలు జరిగాయి. అక్కడా దర్శకుడి సత్తా గురించి ఒకరు మాట్లాడితే, ఆ సత్తాతో ఏం చూపిస్తున్నాడన్నది ఇంకొకరు మాట్లాడారు. ఒకరిది ఒకరికి వినపడలేదు.

దీనికి విరుగుడు కూడా వర్మ దగ్గరే ఉంది. 'క్షణక్షణం'. శ్రీదేవి మీద పిచ్చితో, ఆమెని మెప్పించడానికే తీశానని ఆయనే చెప్పుకున్నాడు. అంత పిచ్చిలోనూ ఆమె వేసిన సత్య పాత్రని ఎలా రాశాడో చూడండి. ఆమెకి భయం ఉంది, మొండితనం ఉంది, అడవిలో ప్రాణాల మీదికొచ్చినా పోని చాదస్తం ఉంది. 'జాము రాతిరి' పాటలో వెంకటేష్ ఆమెకి జోల పాడుతుంటే కెమెరా ఎంత మర్యాదగా ఉందో! అదే మనిషి, అదే మోహం. అప్పుడు దాన్ని ఒక పాత్రగా మలిచే ఓపిక ఉంది.

కాబట్టి అభిమానిగా సిగ్గుపడాలా అంటే, అక్కర్లేదు. కానీ దేనికి అభిమానో తేల్చుకోండి. ఆయన చేసిన పనికా, ఆయనకా? పనికైతే మీకు వాదించడానికి బోలెడంత ఉంది. 'మనీ' ఆయన నిర్మించిందే, అది లేకపోతే బ్రహ్మానందం ఖాన్ దాదా లేడు. 'గులాబీ' నిర్మించి కృష్ణవంశీని దర్శకుణ్ణి చేశాడు. తేజ ఆయన సినిమాలకి కెమెరా పట్టాడు, పూరి జగన్నాథ్ ఆయన దగ్గర పనిచేశాడు. హిందీలో అనురాగ్ కశ్యప్, శ్రీరామ్ రాఘవన్, షిమిత్ అమీన్, వీళ్లందరి మొదటి మెట్టు దగ్గర వర్మ ఉన్నాడు. మనోజ్ బాజ్‌పాయ్‌కి 'సత్య'లో భీకూ మాత్రే పాత్ర ఇచ్చింది ఆయనే. ఇవన్నీ చెప్పినప్పుడు మీ బావ కాదనడు, ఆయనకి మీకంటే ఎక్కువే గుర్తుండి ఉంటాయి. 'ఆఫీసర్'ని వెనకేసుకొస్తేనే ఇవన్నీ నిలబడతాయని మీరెందుకు అనుకుంటున్నారు? 'ఆఫీసర్' బాగోలేదని ఒప్పుకుంటే 'శివ'లో ఒక్క ఫ్రేమ్ కూడా తగ్గదు. ఆ సినిమాని నాగార్జునే మర్చిపోయి ఉంటాడు, మీరు మోస్తున్నారు.

ఇప్పుడు ఏలూరు. ఫోన్ వద్దు, మెసేజ్ అసలే వద్దు. ఫోన్‌లో అయితే రెండో నిమిషంలోనే ఎవరు మొదలుపెట్టారన్న దగ్గరికి వెళ్తారు. ఉగాది దాకా ఆగకండి, పండగకి వెళ్తే అది పండగ కోసం వచ్చినట్టు ఉంటుంది. మామూలు రోజున వెళ్లండి. అక్క ముందే, "బావా, ఆ రోజు నేనన్న మాట తప్పు" అనండి. ఏ మాటో మీకు తెలుసు, ఆయనకి తెలుసు. "నువ్వు కూడా పిల్ల ముందు అలా..." అని రెండో ముక్క కలపకండి, అది ఆయనంతట ఆయన అనాలి. అనకపోయినా ఊరుకోండి. వర్మ ప్రస్తావన మీరై తేవద్దు. ఆయన తెస్తాడు, రాసిపెట్టుకోండి, కాఫీ అయ్యేలోపు తెస్తాడు. తెచ్చినప్పుడు మొదటి మాట మీరే అనేయండి, "'శారీ' చూశాను బావా, బాగోలేదు" అని. ఒకవేళ చూడకపోతే చూడలేదని చెప్పండి, అది ఇంకా మంచిది.

ఉగాదికి వాళ్లని పిలిచి, అమ్మాయి కూడా వస్తే, రాత్రి అన్నాలయ్యాక 'క్షణక్షణం' పెట్టండి. హిందీ అర్థమయ్యేవాళ్లయితే మర్నాడు 'కౌన్' చూడండి. 1999 సినిమా. ఒకే ఇల్లు, ముగ్గురు మనుషులు, పాటల్లేవు. రాసింది అనురాగ్ కశ్యపే. చివర్లో ఏమవుతుందో బావకి తెలుసు కాబట్టి ముందే చెప్పేయకుండా ఆయన పక్కన మీరు కూర్చోండి. 'రాత్రి' మాత్రం పెట్టకండి, మీ అక్క మళ్లీ మీ ఇంట్లో పడుకోనంటుంది.